తల తడిమి చూసేవాడు

ఇది ఒక మహాయుద్ధ గాథ. ఇందులో ఒక సింహాసనం ఉంది, దాని కోసం పోరాడిన ఇద్దరు యోధులు ఉన్నారు, ఒక నమ్మకద్రోహం ఉంది, లెక్కలేనన్ని తలలు ఉన్నాయి. పర్వాలు కట్టి, పద్యాలు పొదిగి రాయాల్సిన కథ.

అంత లేదు. తిరుపతిలో ఒక మెడికల్ కాలేజీ, అందులో చర్మవ్యాధుల విభాగం. ఇద్దరు పీజీ విద్యార్థులు ఒక మెడికల్ జర్నల్‌కు పంపే పరిశోధన వ్యాసం మీద ఎవరి పేరు ముందుండాలని గొడవపడ్డారు. వాళ్ళలో ఒకణ్ణి నేను. తలలు మాత్రం నిజంగానే ఉన్నాయి. కాకపోతే అన్నీ క్షేమంగా మెడల మీదే ఉన్నాయి. వాటి మీద జుట్టు ఉందా లేదా అన్నదే మా పరిశోధన.

ఆ రెండో యోధుడి గురించి రాద్దామని కూర్చున్నాను. ఇలాంటివి మామూలుగా మనిషి చనిపోయాక రాస్తారు. అతను నిక్షేపంగా ఉన్నాడు. కర్నూలులో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతున్నాడని విన్నాను. గుర్తు రావడానికి కారణం, పోయిన వారం చిత్తూరులో నా ఓపీకి వచ్చిన ఒక పెద్దామె. స్టూలు మీద కూర్చుంది, జబ్బేమిటో చెప్పకుండా తల వంచింది. నేను లైటు వేసి, భూతద్దం పెట్టి చూస్తున్నాను. ఆమె ఇంకొంచెం వంచింది.

"ఏమ్మా, మెడ నొప్పా?" అన్నాను.

"కాదు సార్, సెయ్యి పెట్టు."

"ఎందుకు?"

"తిరపతిలో ఆ సారు పెడతా ఉన్న్యాడు గదా! సెయ్యి పెట్టకుండా నీకెట్ల తెలస్తాది?"

పెట్టాను. నాకేమీ తెలియలేదు. ఆమెకు మాత్రం తెలిసిపోయింది. "నువ్వు ఆ సారు కాదులే" అని, మందుచీటీ మడిచి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. అతను నాకు దూరమై మూడేళ్ళయినా, నా కుర్చీలో, నా ఓపీలో, నా రోగి చేత నన్ను ఓడించి వెళ్ళాడు. ఇది అతనికి కొత్త కాదు, నాకూ కాదు.

ముందు అతని జుట్టు గురించి చెప్పాలి. అది జుట్టు కాదు, పంట. దువ్వెన లోపలికి వెళ్తే బయటికి రావడానికి దారి అడుక్కోవాలి. ఏడాదికోసారి కొండకు వెళ్ళి మొత్తం ఇచ్చేసి వచ్చేవాడు. రెండు నెలలు తిరక్కుండానే, ఏమీ జరగనట్టు, అంతా మళ్ళీ వచ్చేసేది. నాకేమో ఇరవై ఆరేళ్ళకే నుదురు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఇప్పుడు అది ఎక్కడిదాకా వెళ్ళిందో చెప్పను.

మా ఇద్దరికీ జుట్టు ఓపీలో పక్కపక్కన బల్లలు వేశారు. ఎవరు వేశారో, ఎందుకు వేశారో గాని, నా జీవితంలో అంత క్రూరమైన ఏర్పాటు ఇంకొకటి లేదు. జుట్టు ఊడుతోందని వచ్చినవాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఒకసారి అతని వైపు, ఒకసారి నా వైపు చూసేవాళ్ళు. తర్వాత క్యూ దానంతటదే అటు జరిగేది. పీలేరు నుంచి వచ్చిన ఒకాయన నేను రాసిన చీటీని చాలాసేపు పట్టి చూసి, మర్యాదగానే అడిగాడు:

"సార్, తప్పుగా అనుకోవద్దు. ఇది మీరు వాడేదా, ఆ సారు వాడేదా?"

"ఎందుకు?"

"మీరు వాడేదైతే నాకొద్దు సార్."

అతను పక్క బల్ల దగ్గర నుంచి పడీ పడీ నవ్వాడు. అతని నవ్వు అలాంటిది, దాచుకోవడం తెలియదు. ఎవరు ఏ జోకు వేసినా మొదట నవ్వేది అతనే. నా జోకులకు అంత నమ్మకమైన గిరాకీ ఇంకెవరూ లేరు. అసూయపడాల్సిన మనిషి మనకు మొదటి శ్రోత కావడం ఎంత ఇబ్బందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

రెండోది, అతని మాట. "నాకు గావాల." ఈ రెండు ముక్కలతోనే అతను పీజీ మూడేళ్ళు గడిపేశాడు. క్యాంటీన్‌లో ప్లేటులో ఒక్క వడే మిగిలి ఉంటే, మిగతా వాళ్ళం "నువ్వు తిను", "లేదబ్బా నువ్వు తిను" అని నాటకం ఆడుతుండగా, "నాకు గావాల" అని తీసుకునేవాడు. బస్సులో కిటికీ సీటు, "నాకు గావాల." ఒకసారి మా ప్రొఫెసర్ మేడమ్ దగ్గరికి వెళ్ళి, "మేడమ్, శుక్రవారం నాకు సెలవు గావాల" అన్నాడు.

"ఎందుకు?"

"నిద్ర పోవాల."

ఇచ్చేసింది! అదే వారంలో నాకూ సెలవు కావలసి వచ్చింది. మా అవ్వకు సీరియస్‌గా ఉందని చెప్పాను. అప్పటికే మా అవ్వ నా సెలవుల కోసం రెండుసార్లు చనిపోయి ఉంది. మేడమ్ కళ్ళజోడు దించి నన్ను చూసి, "వార్డులో డ్రెస్సింగులున్నాయి, చూసుకో" అంది.

మూడోది చెయ్యి. రోగి ఎవరైనా, ముందు తల మీద అరచెయ్యి ఆనించేవాడు. గుడిలో శఠగోపం పెట్టినట్టు. ఆ చెయ్యి నెమ్మదిగా నడినెత్తి నుంచి వెనక్కి, చెవుల పైకి, మళ్ళీ ముందుకి తిరిగేది. ఆ తిరిగే సమయంలోనే మాటలు. "యాడ నుంచి వస్తివి?" "ఏ బస్సుకు వస్తివి?" "మొక్కుండాదా?" నా ముందు కర్రలా కూర్చునే వాళ్ళు అతని ముందు పిల్లల్లా తల వంచేవాళ్ళు. ఇదంతా భక్తి వేషం అనుకున్నాను. తిరుపతిలో డాక్టరుకు కాస్త భక్తి ఉంటే ప్రాక్టీసు బాగుంటుందని పైకి అన్నాను కూడా. అతను దానికీ నవ్వాడు.

ఇక పరిశోధన. పేనుకొరుకుడు అని మనవాళ్ళు పిలిచే జబ్బు ఒకటుంది. తల మీద రూపాయి బిళ్ళంత మేర, ఎవరో తుడిచేసినట్టు, జుట్టు మాయమవుతుంది. పేనుకూ దానికీ ఏ సంబంధమూ లేదు, అయినా నింద మాత్రం పేను మోస్తోంది. ఆ బిళ్ళల్లో చిన్న చిన్న ఇంజెక్షన్లు వేస్తారు. రెండు రకాలుగా వేయవచ్చు. ఏ రకంలో జుట్టు ముందొస్తుందో చూడాలని మేడమ్ ఆలోచన. సగం మంది రోగులు నాకు, సగం మంది అతనికి. నెలకోసారి ఫోటో తీయాలి, చివర్లో ఒక ఆఖరి ఫోటో. ఆ ఫోటోనే ఫలితం. తర్వాత వ్యాసం రాసి జర్నల్‌కు పంపాలి.

పందెంలో ఉన్నదేమిటో ఇక్కడే చెప్పేస్తాను. మా హాస్టల్లో ఒక గట్టి నమ్మకం ఉండేది: అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి వ్యాసం ఉండాలి, అందులో నీ పేరు మొదట ఉండాలి, రెండో పేరుకు విలువ లేదు. ఈ నియమం ఎవరు చదివారని ఎవరూ అడగలేదు. సీనియర్లు చెప్పారు, వాళ్ళకు వాళ్ళ సీనియర్లు చెప్పారు. చిత్తూరు కోర్టులో ప్లీడరైన మా నాయన కూడా ఫోనులో రోజూ అడిగేవాడు. "ఒరే, నీ పేరు యాడుంటాది? మొదట్లోనా, తోకలోనా?" ఒక వ్యాసం, ఒక మొదటి పేరు, ఇద్దరు మనుషులు. అదీ సింహాసనం.

అంతా బాగా జరుగుతోంది. నా రోగుల్లో చాలామందికి బిళ్ళల్లో చిన్న చిన్న వెంట్రుకలు మొలిచాయి. నేను మనసులోనే వ్యాసం శీర్షిక కింద నా పేరు టైపు చేసుకుని, ఫాంటు కూడా ఎంచుకున్నాను. అప్పుడు, ఆఖరి ఫోటోకు, పుత్తూరు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. ఆ అమ్మాయి తలకు కండువా చుట్టుకుని ఉంది.

"తియ్యమ్మా, ఫోటో తీయాల."

తీసింది. నున్నటి గుండు. దాని మీద ఇంకా ఆరని గంధం.

నేను కెమెరా దించేశాను. తల్లి మాత్రం పెళ్ళిలో మాదిరి మెరిసిపోతోంది. "నీ సెయ్యి మంచిది సార్! ఎంటికలు వస్తే తలనీలాలు ఇస్తామని సామికి మొక్కుకున్న్యాం. వచ్చేసినాయి. ఇచ్చేసినాం."

"ఎప్పుడు?"

"ఈ పొద్దన్నే. ఆన్నుంచి నేరుగా ఈడికే."

"ఒక్కరోజు ఆగి, నాకు చూపించి ఇవ్వకూడదా అమ్మా?"

ఆమె ముఖం మారింది. "సామిని ఆగమంటావా సార్?"

షీటులో ఆఖరి ఫోటో గడి ఖాళీగా వదిలేశాను.

ఆ నెలంతా అదే. ఒకరి తర్వాత ఒకరు, కండువాలు తీయడం, గంధం వాసన, నా చేతి మంచితనం గురించి నాలుగు మాటలు, వీలైతే లడ్డు ప్రసాదం. అసలు దెబ్బ అది కాదు. ఎవరికి జుట్టు వచ్చిందో వాళ్ళే మొక్కు తీర్చారు. రానివాళ్ళు మొక్కు ఎందుకు తీరుస్తారు? వాళ్ళు బిళ్ళలతో సహా బుద్ధిగా ఆఖరి ఫోటోకు వచ్చి కూర్చున్నారు. నా కంప్యూటర్ పట్టికలో మందు పనిచేసినవాళ్ళందరూ ఖాళీ గడులు, పనిచేయనివాళ్ళు మాత్రమే నిండు గడులు. ఆ లెక్కన ప్రపంచంలో అంత పనికిరాని మందు ఇంకొకటి లేదు.

పక్క బల్ల దగ్గరికి అతని రోగులు నిండు జుట్టుతో వస్తున్నారు, ఫోటో దిగుతున్నారు, అటునుంచి అటే కొండ బస్సు ఎక్కుతున్నారు. అతని కేసు షీట్లు తీసి చూశాను. ప్రతి షీటు అంచున మొదటి రోజే చిన్నగా రాసి ఉంది: మొక్కు ఉంది, ఫలానా నెల. మొక్కు లేదు. మొక్కు ఉంది, ఫోటో తర్వాత వెళ్తారు. నా రోగులకు నేను చెబితే దైవద్రోహం అయిన మాటే, అతను "ఫోటో దిగినాక పోవే, సామి యాడికీ పోడు" అంటే వాళ్ళు నవ్వి ఒప్పుకున్నారు.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"నువ్వు అడగల్యా గదబ్బా," అన్నాడు. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "తిరపతిలో జుట్టు మింద రీసెర్చి చేస్తా మొక్కు సంగతి అడగరా ఎవరైనా?"

ఎవరైనా అడుగుతారు. చిత్తూరు నుంచి వచ్చి, కిటికీలోంచి రోజూ కొండను చూస్తూ అన్నం తిన్న నేను తప్ప.

మర్నాడు అతనే అన్నాడు. "రా, మా నాయన దగ్గరికి పోదాం." వాళ్ళ నాయన కొండ మీద కల్యాణకట్టలో తలనీలాలు తీసే పని చేసి రిటైరైన మనిషి. ఈ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు, ఎందుకంటే అతనే అందరికీ చెప్పాడు. వాళ్ళ నాయన గురించి అతను చెప్పే తీరు చూసి కూడా నాకు అసూయగా ఉండేది. మా నాయన ప్లీడరు అని నేను చెబితే "ఓహో" అనేవాళ్ళు. అతను చెబితే కుర్చీ దగ్గరికి లాక్కుని వినేవాళ్ళు.

ఇంట్లో పెద్దాయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టాడు. కాఫీ వస్తుందనుకున్నాను. ఆయన చెంబులో వేళ్ళు ముంచి నా నెత్తి తడిపి అరచెయ్యి పెట్టాడు. అప్పుడు అర్థమైంది ఆ చెయ్యి ఎక్కడ నుంచి వచ్చిందో. కొడుకుది నకలు, ఇది అసలు. రెండు చుట్లు తిప్పి, "ఇది నిలవదు నాయనా. ఇంగో నాలుగేండ్లు," అన్నాడు.

"నేను అందుకు రాలేదు పెద్దాయనా."

"తెలుసు. చెయ్యి పెట్టినాక చెప్పకుండా ఉండలేను."

కొడుకు అరుగు కింద కూర్చుని నవ్వుతున్నాడు. తర్వాత నా గుండు రోగుల సంగతి చెబితే, ఆయన దాన్ని సమస్యగా కూడా లెక్కపెట్టలేదు. "గుండయితే ఏం? ఎంటిక ఉండే చోట వారం తిరక్కుండా గరగర అంటాది. పేనుకొరికిన చోట చెయ్యి జారిపోతాది. తడిపి చూస్తే గుడ్డోనికి గూడా తెలస్తాది. కత్తి పెట్టేముందు మేం చూసేది అదే గదా, యాడ మచ్చుండాది, యాడ పుండుండాది అని."

అంటే, గుండు తర్వాత ఇన్ని రోజులకు అని అందరికీ ఒకే గడువు పెట్టుకుని, మొలకలు వచ్చాక దగ్గరి నుంచి ఫోటో తీస్తే, బిళ్ళ నిండిందో లేదో కనిపిస్తుంది. నా ఖాళీ గడులు నిండుతాయి. అతను మర్నాడే మేడమ్‌తో "మా నాయన చెప్పినాడు మేడమ్" అని మొత్తం చెప్పేశాడు. నేనైతే ఏదో విదేశీ పుస్తకంలో చదివినట్టు చెప్పేవాణ్ణి. మేడమ్ చాలాసేపు ఆలోచించి, కాగితాలు సిద్ధం చేయించి, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుంది. నా రోగులకు ఫోన్లు కూడా అతనే చేశాడు. నేను చేస్తే లోను ఇస్తామనే వాళ్ళనుకుని పెట్టేస్తున్నారు.

నన్ను ముంచకుండా ఒడ్డుకు చేర్చాడు. దానికి అతన్ని క్షమించడం నాకు చాలా కష్టమైంది.

వ్యాసం రాయడం మాత్రం నా వంతు. ఇంగ్లీషు నాది. ప్లీడరు కొడుకుని కాబట్టి నా వాక్యాలు మొదలైతే ఒక పట్టాన కూర్చోవు. పరిచయం రాశాను, పద్ధతులు రాశాను, చర్చ రాశాను. రిఫరెన్సులన్నీ జర్నల్ అడిగిన తీరులో, ఎక్కడ కామా, ఎక్కడ సెమికోలన్ అన్నదానితో సహా, పేర్చాను. సారాంశం వాళ్ళు చెప్పిన మాటల లెక్కకు మించిందని పదిసార్లు కత్తిరించాను. గుండ్ల గురించిన పేరా ఒక్కటి అతను రాశాడు. ముందు తెలుగులో రఫ్ నోట్సులో రాసుకుని, తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా మార్చాడు. ఒక్కో వాక్యం ఒక్కో ఇటుక. మేడమ్ ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి ఇచ్చినప్పుడు నా పేజీలు తాంబూలం ఉమ్మేసినట్టున్నాయి. అతని పేరా ఒక్కటే తెల్లగా ఉంది. పక్కన చిన్నగా "బాగుంది" అని కూడా రాసింది. ఆవిడ నాతో మూడేళ్ళలో ఆ మాట అనలేదు. ఒకసారి నా చొక్కా గురించి అనబోయి మానుకుంది.

రచయితల్లో ఎవరు ఏం చేశారో చెప్పాలని జర్నల్ అడుగుతుంది. నా పేరు పక్కన నాలుగు లైన్లు రాసుకున్నాను. అతని పేరు పక్కన "రోగులను చేర్చుకోవడం" అని రాశాను. అతను చదివి, దాని పక్కన "పద్ధతి మార్పు" అని చేర్చాడు. కృతజ్ఞతల దగ్గర వాళ్ళ నాయన పేరు పెట్టాడు. ఈ మాట ఇంట్లో చెబితే మా నాయన, "మరి నా పేరు యాడరా?" అన్నాడు. రచయితలకు పరస్పర విరుద్ధమైన ప్రయోజనాలేవీ లేవని ప్రకటించే వాక్యం కూడా ఒకటుంటుంది. అది నేనే టైపు చేశాను. వ్యాసం మొత్తంలో నేను చెప్పిన ఒకే ఒక అబద్ధం అది.

పంపే రోజు దగ్గరికొచ్చింది. మేడమ్ ఇద్దర్నీ పిలిచి, "చివరి పేరు నాది, అందులో తేల్చేదేం లేదు. మొదటిదీ రెండోదీ మీరు మీరు తేల్చుకోండి. ఎల్లుండికి వెళ్ళిపోవాలి" అంది.

బయటికి రాగానే, వరండాలోనే, అతను అన్నాడు. "మొదటి పేరు నాకు గావాల."

ఆ మాట వస్తుందని నాకు మూడేళ్ళుగా తెలుసు. అయినా వడ అడిగినంత సులభంగా అడుగుతాడనుకోలేదు. రాసింది నేను, పేషెంట్లను కాపాడింది నువ్వు, ఇద్దరికీ హక్కుంది, రా తేల్చుకుందాం అని నేను అనాలి. నాకూ కావాలి అని అనాలి. ఆ రెండు ముక్కలు నా నోట్లో ఎప్పుడూ లేవు. వాటి బదులు ఒక జోకు ఉంది.

"పెట్టుకోబ్బా, నాకేం పట్టింపు లేదు. నా పేరు పెన్షన్ పుస్తకంలో పడితే చాలు" అన్నాను.

నవ్వాడు. "నిజంగానా?"

"నిజంగా."

"సరే" అని ఓపీకి వెళ్ళిపోయాడు. మనుషులు చెప్పింది నమ్మేయడం అతనికున్న ఒకే ఒక లోపం.

మర్నాడు మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని నేనే పంపాను. సైటు ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంది: శీర్షిక, సారాంశం, ఫోటోలు, కవరింగ్ లెటర్. తర్వాత రచయితల జాబితా. పేర్లను మౌసుతో పట్టుకుని పైకీ కిందికీ లాగవచ్చు. నేను మొదట ఎక్కించింది నా పేరే కాబట్టి అది పైనే ఉంది. కిందికి లాగాలి. ఒక్క లాగు. ఏసీ కింద కూర్చుని, ఒక్క పేరును ఒక్క అంగుళం కిందికి లాగడానికి నాకు చెయ్యి రాలేదు. నేను పైకి లాగలేదు గదా, ఉన్నదాన్ని ఉంచాను గదా, అని నాకు నేనే వాదించుకున్నాను. ప్లీడరు రక్తం. అడిగితే సైటు తప్పు అనవచ్చు అనుకున్నాను. నొక్కేశాను.

జర్నళ్ళు నాకంటే తెలివైనవి. పంపిన మరుక్షణం రచయితలందరికీ, ఈ వ్యాసంలో, ఈ వరసలో, మీ పేరుండటానికి మీకు సమ్మతమేనా అని మెయిలు వెళ్తుంది. నాకు ఆ సంగతి తెలియదు. అరగంటలో అతను లైబ్రరీకి వచ్చాడు. తెల్లకోటు జేబులో ఇంకా గ్లవ్స్ ఉన్నాయి. ఫోను నా ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇదేంది?"

"సైటు అట్ల తీసుకున్నట్టుంది" అన్నాను. అతను కదల్లేదు. జోకు వేశాను. "నీ పేరు బరువెక్కువ గదా, కిందికి జారింది."

అతను నవ్వలేదు. మూడేళ్ళలో మొదటిసారి. ఆ జోకు మా ఇద్దరి మధ్య బల్ల మీద అలాగే పడి ఉంది, ఎవరూ తీయలేదు.

"నీకు గావాలంటే అడగరాదా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "నేను అడిగినాను గదా. నువ్వూ నాకు గావాల అనింటే కొట్లాడుకుందుము. మేడమ్ దగ్గర అరుచుకుందుము. నువ్వే గెలిచింటావేమో, రాసింది నువ్వే గదా. నీకు ఇచ్చేసింటానేమో గూడా, ఎవరికి తెలుసు." ఫోను తీసి జేబులో వేసుకున్నాడు. "అడక్కుండా తీసుకుంటే దాన్నేమంటారబ్బా?"

ఏమంటారో ఇద్దరికీ తెలుసు. వాళ్ళ నాయన చెయ్యి పెట్టిన నెత్తి నాది. అక్కడే అప్పుడు చెమట పట్టింది.

"మార్చు" అన్నాడు.

"నీకు అంత కావాలా?" అన్నాను. సిగ్గుతో వచ్చిన మాట అది, కోపంలా బయటపడింది.

"గావాల. నాకూ ఉద్యోగం గావాల. నేనెప్పుడన్నా వద్దన్న్యానా?"

పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పంపిన వ్యాసాన్ని వెనక్కి తీసుకోవడానికి జర్నల్ ఆఫీసుకు మెయిలు రాసి, జవాబు వచ్చేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. వచ్చింది. మళ్ళీ శీర్షిక, మళ్ళీ సారాంశం, మళ్ళీ ఫోటోలు. ఆ గుండ్లన్నీ తెర మీద ఒకటొకటిగా ఎక్కుతున్నాయి. రచయితల జాబితా వచ్చినప్పుడు అతను తెర వైపు చూడలేదు. కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను నా పేరును ఒక అంగుళం కిందికి లాగాను. చాలా తేలిగ్గా జరిగింది.

వ్యాసం అచ్చయింది. మధ్యలో జర్నల్ వాళ్ళ నిపుణుడెవరో, ఏ దేశమో తెలియదు, మిగతా అంతా పొడుగ్గా ఉంది తగ్గించండి, ఆ మొక్కు పేరా మాత్రం ఇంకొంచెం పెంచండి అని రాశాడు. ఏడు సముద్రాల అవతలి మనిషికి కూడా అతనే నచ్చాడు. ఆ పెంచే పని అతను చేశాడు, తగ్గించే పని నేను చేశాను. ఆ తర్వాత మా మాటలు డ్యూటీ మాటలయ్యాయి. నా జోకులకు అప్పుడప్పుడు నవ్వేవాడు, కానీ మిగతావాళ్ళు నవ్వాక. పీజీ చివరి రోజు చెయ్యి కలిపాడు. తల మీద పెట్టలేదు.

నేను ఇంకా అసూయపడుతూనే ఉన్నాను, అందులో మార్పు లేదు. జుట్టు చూసి కొంత, ఆ పెద్దామె మాట విని కొంత. ఎక్కువగా మాత్రం, ఒక మనిషి తనకు కావలసింది వెలుతురులో నిలబడి అడగగలగడం చూసి. పెద్దామె వెళ్ళాక ఓపీ ఖాళీ అయినప్పుడు, ఎవరూ లేకుండా చూసి, "నాకు గావాల" అని ఒకసారి అని చూశాను. అటెండర్ లోపలికి వచ్చి, "కాఫీనా సార్?" అన్నాడు.

ఈ వారమే ఒక కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన ఉంటే వెళ్ళాను. గుమాస్తా నా వ్యాసం తిరగేసి, ఉన్న మూడు పేర్ల మీద పెన్ను ఆనించి, టిక్కు పెట్టాడు. నేను ఉండబట్టలేక, "నాది రెండో పేరండీ, పనికొస్తుందా?" అన్నాను.

"మొదటి మూడు పేర్లలో యాడున్నా ఒకటే సార్. అందరికీ సమానంగానే లెక్క" అన్నాడు తల ఎత్తకుండా. "దీనికి రెండు జెరాక్సు కాపీలు గావాల, రెండింటి మీదా మీ సంతకం. జెరాక్సు షాపు గేటు పక్కన, ఒంటిగంటకు మూసేస్తారు."